గుడారములో దాచిన తీపి

ధ్యాన భాగములు: యెహోషువ 7వ అధ్యాయము, సామెతలు 6:6-8



చీమ మాట వచ్చినప్పుడెల్ల మనకు సొలొమోను సామెతయే జ్ఞాపకము వచ్చును. సోమరి దానియొద్దకు పోయి బుద్ధి తెచ్చుకొనవలెనని ఆయన బోధించెను. ఆ పాఠము మనము చిన్ననాటి నుండి ఆదివారపు బడిలో విన్నదే. ఈ నెల నేను చెప్పబోవు పాఠము చీమ పాటుపడుట చూచి నేర్చుకొన్నది కాదు. చీమలను వెళ్లగొట్టబోయి, సిగ్గుపడి నేర్చుకొన్నది.

2019 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన తరువాత, మేము నలుగురము సువార్త వ్యానులో పల్నాటి పల్లెలకు బయలుదేరితిమి. ఆ వ్యానే మాకు బండి, అదే ఇల్లు. వెనుక రెండు పడక బల్లలు, వాటి క్రింద సరుకుల పెట్టె, ఒక మూల గ్యాసు పొయ్యి. మూడవ ఊరిలో చింతచెట్టు నీడను బండి నిలిపితిమి. తెల్లవారి చూడగా పొయ్యి మొదలుకొని పడకల వరకు ఎర్రచీమలు బారులు తీరియుండెను. పంచదార డబ్బాలో చీమలు, దుప్పట్లలో చీమలు, తెరచియుంచిన బైబిలు పుటల మీద చీమలు.

చీమల మందు తెచ్చి కొట్టితిమి. కనబడినవి చచ్చెను. మరునాడు మరల అంతే బారు. పూర్వము మన ఇండ్లలో గమాక్సిను పొడి చల్లెడివారు; అది మనుష్యులకును హాని గనుక నేడు మన దేశములో నిషేధింపబడినది. అన్నము వండుకొని నిద్రపోవు చోట ఏ విషమైనను ఎంతని చల్లగలము?

ఇంతలో మరియొక సంగతి జరిగెను. మొదటి ఊరిలో ఒక అవ్వ మా నలుగురికని మూడు బెల్లపు దిమ్మలు ఇచ్చియుండెను. పెట్టెలో రెండే యున్నవి. మాకు వంట చేయు కుర్రవాడు పేదవాడు. నేను అతనిని అందరి యెదుట అడిగితిని. "నేను తీయలేదండి అయ్యగారూ" అని అతడు తల వంచుకొనెను. నేను నమ్మలేదు. ఆ రాత్రి అతడు అన్నము తినలేదు. నేను మాత్రము దీపము క్రింద నిలిచి క్షమాపణను గూర్చి ప్రసంగించితిని. ఆ ప్రసంగములో నాకే బలము కనబడలేదు.

మరుసటి ఉదయము ఆ ఊరి సంఘపెద్ద వచ్చిరి. ఆయన రైతు. లోపలికి ఎక్కక ముందు బండి చుట్టు తిరిగి చూచిరి. "అయ్యగారూ, చంపేది తర్వాత. ముందు అవి ఎక్కే దారి చూడండి" అనిరి. చూడగా మూడు వంతెనలు కనబడెను. చింతకొమ్మ ఒకటి బండి కప్పును తాకుచుండెను. బట్టలారవేయు తాడు చెట్టు నుండి కిటికీకి కట్టియుండెను. గుడి నుండి దీపమునకై తెచ్చిన కరెంటు తీగ నేల మీదుగా తలుపులో దూరుచుండెను. మన ఇండ్లలో మంచపు కోళ్ల క్రింద, బీరువా కాళ్ల క్రింద నీళ్ల గిన్నెలు పెట్టుదుము. కాని గోడకు ఒక దుప్పటి అంచు తగిలినచో ఆ నాలుగు గిన్నెలును వ్యర్థమే.

కొమ్మ నరికితిమి, తాడు విప్పితిమి, తీగ తీసితిమి. అప్పుడాయన, "ఇక లోపల తీపి ఎక్కడుందో వెదకండి. ఊరకే రావు" అనిరి. బారు వెంబడి పోతిమి. అది సరుకుల పెట్టె దాటెను, కుర్రవాని చాప దాటెను, నా తలగడ ప్రక్కనున్న నా సంచిలోనికి పోయెను. సంచి అడుగున, కాగితములో చుట్టిన బెల్లపు దిమ్మ.

ప్రియులారా, దానిని అక్కడ పెట్టినది నేనే. మా మనుమలకు తీసికొనిపోవలెనని మొదటి ఊరిలోనే ప్రక్కకు తీసితిని. తరువాత మరచితినని చెప్పుకొనవచ్చును. కాని నలుగురికి ఇచ్చినదానిని ఒకడు చుట్టిపెట్టుకొనునప్పుడు, మరచుట కూడ దాచుటలో భాగమే.

ఆకాను సంగతి తలంచుడి. ఒక షీనారు పైవస్త్రము, రెండువందల తులముల వెండి, ఏబది తులముల బంగారు కమ్మి. అతడు వాటిని తన గుడారము నడుమ భూమిలో దాచెను. హాయి యెదుట ముప్పదియారుగురు కూలిరి. యెహోషువ బయటి శత్రువును గూర్చి విలపించుచుండగా, దేవుడు అతని దృష్టిని పాళెము లోపలికి త్రిప్పెను. ఒక్కని గుడారములోని మూట ఇశ్రాయేలు అంతటికి ఓటమి తెచ్చెను. నా మూట ఒక పేదవానికి దొంగ యను పేరు తెచ్చెను.

నేను ఆ కుర్రవానిని పిలిచి, ఎవరి యెదుట నిందించితినో వారి యెదుటనే క్షమాపణ కోరితిని. అతడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట "పోనీలెండి అయ్యగారూ" అని ఏడ్చెను. నేనును ఏడ్చితిని.

బెల్లము తీసివేసినను పని ముగియలేదు. చీమ నడచుచు తన పొట్ట చివరి నుండి ఒక వాసనను నేల మీద పూయును. వెనుక వచ్చునవి దానినే పట్టుకొని నడచును. కనుక సబ్బునీళ్లతో ఆ దారియంతయు తుడువవలెను. పాపము విడిచితిమని చెప్పి, దాని వలన కలిగిన గాయమును అట్లే విడుచుట దారి తుడువకుండుటయే. జక్కయ్య నాలుగంతలు తిరిగి చెల్లించెదననెను. నేను నిందవేసిన మాట ఆ ఊరిలో ఇద్దరు ముగ్గురి చెవిని పడియుండెను. వారి ఇండ్లకు నడచిపోయి తప్పు నాదని చెప్పితిని.

ఇంకను పుట్ట యున్నది. మనకు కనబడు బారు పుట్టలో కొంత భాగమే. గ్రుడ్లు పెట్టు రాణి లోపల నుండును. పెద్దాయన చెంచాడు వెలిగారపు పొడి, పది చెంచాల పంచదార గ్లాసెడు నీళ్లలో కలిపి, దూదిలో ముంచి, బండి బయట చెట్టు మొదట మూత క్రింద పెట్టించిరి. మందు ఘాటైనచో చీమ దారిలోనే చచ్చును. తక్కువైననే అది పుట్టకు మోసికొనిపోయి లోపలివాటికి పెట్టును. దినములు పట్టును, ఓర్పు కావలెను. పసిబిడ్డలకు, పశువులకు, కుక్కలకు అది అందకుండ చూడవలెను. మన హృదయమును అట్టిదే. దురాలోచనలు లోపలి నుండియే బయలుదేరునని ప్రభువు మార్కు 7వ అధ్యాయములో చెప్పెను. పైపైని కొట్టిన దెబ్బ అక్కడికి చేరదు. మూడు కుంచముల పిండిలో దాచిన పులిపిండివలె, దేవుని వాక్యము లోపలికి పోయి దినదినము పనిచేయవలెను.

బయలుదేరు దినమున పెద్దాయన మరల హెచ్చరించిరి: "చక్రాలు, పెట్టెలు దులుపుకొని పొండి. లేకపోతే మా ఊరి చీమలు పక్క ఊరికి పోతాయి." ఆ మాట నన్ను ఇప్పటికిని విడువలేదు. సువార్త మోయుచున్నామనుకొని ఊరూరికి మన పగను, అనుమానమును, దాచిన మూటను మోసికొనిపోవుటలేదా? మనమందరము గుడారవాసులమే, అబ్రాహామువలె పునాదులుగల పట్టణమునకు ప్రయాణమగుచున్నాము. ప్రయాణికునికి సామాను తక్కువ యుండుట మేలు.

ఈ నెల సంస్కారపు బల్లకు రాకముందు, మీ ఇంట ఎవరి మీదనైన నింద మోపియుంటిరా? చీమల బారు ఎక్కడికి పోవుచున్నదో చివరివరకు వెంబడించుడి. అది మీ సంచి యొద్దనే ఆగినచో ప్రభువు మిమ్మును సిగ్గుపరచుటకు కాదు, విడిపించుటకే అక్కడికి నడిపించెనని నమ్ముడి.

ప్రార్థన: పరిశోధించు దేవా, మేము దాచి మరచినదానిని నీవు మరువలేదు. దానిని వెలుగులోనికి తెమ్ము. మా నోటి మాటవలన నొచ్చినవారి యెదుటికి పోవుటకు మాకు ధైర్యమిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.