మేనిచాయయు చిత్రకారుని చూపును

మన భాషలో ఛాయ యను నొక్క మాట రెండు పనులు చేయుచున్నది. చెట్టునీడయు ఛాయయే, మనుష్యుని యొడలి వన్నెయు ఛాయయే. చెట్టునీడ నెవ్వరును నిందింపరు. ఎండవేళ దానిని వెదకికొని పోవుదురు. ఒడలి చాయను మాత్రము పెండ్లిచూపులనాడు పిల్ల నోరు విప్పక మునుపే తూచుదురు. తన కూతురు చామనచాయ యని చెప్పు తల్లి గొంతు తగ్గించి చెప్పును. పసిమిచాయ యని చెప్పునామె తగ్గింపదు. ఈ తూనిక న్యాయమా యని యడుగుటకు ముందు, తూచుచున్న దానిని మనము నిజముగా చూచుచున్నామా యని యడుగవలసి యున్నది. ఈ ప్రశ్నకు నీతిగ్రంథములలో కంటె చిత్రలేఖన విద్యలో మంచి సమాధానము దొరకునని నా యభిప్రాయము.

సజీవుడైన మనుష్యుని యెదుట నుంచుకొని దేహమును వ్రాయ నేర్చువారికి రెండు త్రోవలు కలవు. హద్దులు గీచి లోపల రంగు నింపుట మొదటిది. రంగును, వెలుగునీడల మెట్లను బట్టి దేహమును కట్టుకొని వచ్చుట రెండవది. మన చిత్రసూత్రము ఈ రెండవ పనికి వర్తన యని పేరిడి పత్రజము, ఐరికము, బిందుజమని మూడు విధములు చెప్పినది గనుక, ఇది సీమ నుండి దిగిన వింత యనుకొన నక్కరలేదు.

గీతతో మొదలిడిన విద్యార్థి తరచుగా తాను చూచినది గాక తానెఱిగినది వ్రాయును. కన్ను బాదముగింజవలె నుండునని వినియున్నాడు గనుక బాదముగింజ గీయును. బెస్తవాడు నల్లనివాడని వినియున్నాడు గనుక నల్లరంగు గిన్నెలో కుంచె ముంచును. ఛాయతో నేర్చువానికి ఆ వీలు లేదు. గురువు వానిని కన్నులు సగము మూసి చూడుమనును. అట్లు చూచినపుడు కనుబొమలు, వ్రేళ్లు, పేరు, కులము అన్నియు కరగి, వెలుగు పడిన చోట్లును పడని చోట్లును మాత్రమే మిగులును. కులము కూడ కరగునా యని నవ్వువారుందురు. కంటి మట్టునకు కరగును. మనసు సంగతి తరువాత చెప్పెదను.

అనకాపల్లి జిల్లాలోని రాజయ్యపేట సముద్రపు టొడ్డున నున్న మత్స్యకారుల యూరు. అట్టి తీరమున ఉదయమున వేట ముగించి దిగివచ్చు మనుష్యుని భుజమును ఇట్లు చూడుడు. ముదురు చర్మము తనలోనికి వెలుగును మిక్కిలిగా పీల్చుకొనును గనుక, తడిమీద నుండి మరలిన మెఱుపు తెల్లని యొడలిపై కంటె దానిపై స్పష్టముగా కన్పట్టును. ఆ మెఱుపునకు ఆకాశపు నీలము కలదు. దాని ప్రక్కన ఎఱుపు కలిసిన గోధుమవన్నె. లోతైన నీడలో ఊదా. దవడ క్రింద, ఇసుక నుండి ఎగసిన వెలుగుచే, పసుపు డాలు. నల్లరంగున కెక్కడను చోటు లేదు. అనుభవము గల చిత్రకారులు కాల్చిన సియెన్నా మట్టిని అల్ట్రామెరైన్ నీలముతో కలిపి ఇట్టి నీడలను సాధింతురు. గిన్నెలోని నలుపును యథాతథముగా పూసినచో భుజము గుండ్రదనము పోయి బొగ్గుముక్క యగును. ఇంతకును ఆ భుజ మెంత ముదురు? ఎండలో మెఱయు ఇసుక ముందు మిక్కిలి ముదురు. తారు పూసిన పడవ ప్రక్కన కాంతిమంతము. ఒంటరిగా దానికొక మెట్టు లేదు.

ఈ సంగతిని శాస్త్రముగా నిలిపినవాడు ఫ్రెంచి రసాయనజ్ఞుడు షెవ్రూల్. ఆయన పారిసులోని గోబెలిన్ నేతశాలలో అద్దకపు పనికి అధికారిగా నుండగా, నల్లదారము చాలినంత నలుపుగా లేదని ఫిర్యాదులు వచ్చెను. పరీక్షించి చూడగా దారమున దోషము లేదు. దాని ప్రక్కన నేసిన నీలము, ఊదా వన్నెలే దానిని వెలవెలబోవునట్లు చేయుచుండెను. ఆ విచారమే పెరిగి 1839లో పెద్ద గ్రంథమైనది. ప్రక్కదారముల సంగతి విచారింపక ఒక్క దారముపై నేరము మోపువారు ఆ నేతశాలకే పరిమితులు కారు. తోడికోడండ్రను ప్రక్కప్రక్కన నిలిపి పోల్చు మన యిండ్లలోను కలరు.

తెలుగువారిలో నూతనముగా ఈ విద్య నభ్యసించి వచ్చినవారిలో దామెర్ల రామారావు (1897–1925) ముఖ్యుడు. రాజమహేంద్రవరపు కళాశాలాధ్యక్షుడైన కూల్డ్రే దొర ప్రోత్సాహముచే 1916లో బొంబాయి జె. జె. చిత్రకళాశాలలో చేరి, తిరిగివచ్చి రాజమహేంద్రవరమున చిత్రకళాశాల నెలకొల్పి, ఇరువదియెనిమిదవ యేట మసూచికముచే గతించెను. ఆయన భార్య సత్యవాణియు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు కుంచె పట్టిరి. నాకు తక్కిన ప్రఖ్యాతి కంటె ఇదియే గొప్పగా తోచును. ఎల్లప్పుడును చూడబడుటకే పుట్టినట్లు పెంపబడిన స్త్రీలు చూచువారైరి.

ఇచ్చట నొక యాక్షేపము కలదు. అది తేలికయైనది కాదు. సగము మూసిన కన్ను దయలేని కన్ను కావచ్చును. భుజమున నూదా వన్నెను కనుగొని మురిసినవాడు, కూలికి గంటసేపు కదలక కూర్చున్న మనుష్యుని నడుము నొప్పిని కనుగొనకపోవచ్చును. కదలకుండుటయు కష్టమేనని ఎన్ని చిత్రశాలలు కూలి లెక్కించునపుడు తలచును? రాజయ్యపేటవారు బొమ్మకు కూర్చున్న బొమ్మలు కారు. మందుల పరిశ్రమల పార్కు వచ్చినచో సముద్రము చెడి వేట పోవునని భయపడి, 2025లో వారు ఉద్యమించి జాతీయ రహదారిపై బైఠాయించిరి. వారి యొడలిపై సూర్యకాంతిని మెచ్చి, నోటి మాటను వినని చిత్రకారుడు పెండ్లిచూపుల పెద్దమనిషి కంటె నేమి మేలు? మనసులోని కులము కన్ను మూసినంతనే కరగదనుట కిదియే సాక్ష్యము. అయినను నేనీ విద్యను విడువుమనను. నల్లనివా డనునొక్క మాటతో పని ముగించుకొన్నవానికి రెండవమాఱు చూడవలసిన యగత్యమే కలుగదు. ఛాయ నేర్చినవాడు ఒక్క భుజమునకై వందమాఱులు తలయెత్తి ఆ మనుష్యుని వంక చూడక తప్పదు. అన్నిమాఱులు చూచి యొకమాఱైనను పలుకరింపనివా డుండునేమో. వాని దోషము విద్యది కాదు.

ఇంటిలో మొదలు పెట్టదగిన పని యొకటి కలదు. పిల్లల రంగుపుల్లల పెట్టెలో లేతగులాబి వన్నెకు మన బడులలో స్కిన్ కలర్ అని వాడుక. అమెరికాలో క్రేయోలావారు అట్టి వన్నెకే యున్న ఫ్లెష్, అనగా మాంసవర్ణ మను పేరును 1962లో మాన్పి పీచ్ అని మార్చిరి. మన పిల్లలు నాయనమ్మ బొమ్మకు ఆ గులాబిపుల్లనే వాడుచున్నారు. ఆ పుల్లను తీసి ప్రక్కన పెట్టి, నాయనమ్మ చేతిని కిటికీ వెలుగులో నుంచి, చూచిన వన్నెలే కలుపుమని పిల్లతో చెప్పుడు. ఎన్ని పుల్లలు కావలసివచ్చెనో ఆ పిల్లయే లెక్కపెట్టి చెప్పును.