గెలుపు దేవుని సాక్ష్యమా?



తగాదాలో గెలిచినప్పుడు దేవుడు మన పక్షమున నున్నాడని చెప్పుకొనుట మనకు వాడుక. గెలుపు నీతికి రుజువగునా? ఇంగ్లండు రాజుల చరిత్రలో దీనిని గూర్చి తలపోయదగిన సంగతి యొకటి కలదు.

ఐదవ హెన్రీ భక్తిగల రాజని పేరు పొందినవాడు. ఫ్రాన్సు కిరీటము వంశహక్కుచేత తనదని వాదించి, 1415లో సముద్రము దాటి దండెత్తెను. అక్టోబరు 25న అజిన్‌కోర్టునొద్ద తనకంటె పెద్ద సైన్యమును ఓడించి, ఈ మహిమ నాది కాదు, దేవునిదే యనెను. ఆ మాటలో వినయమున్నది. తన వ్యాజ్యెమును దేవుడే తీర్చెనను ధీమాయు నున్నది.

1418లో అతడు రువాన్ పట్టణమును ముట్టడించెను. లోపల ధాన్యము తరిగిపోగా, పట్టణపువారు వేలకొలది బీదలను, వృద్ధులను, స్త్రీలను, పిల్లలను వెలుపలికి గెంటివేసిరి. హెన్రీ వారిని దాటిపోనీయలేదు. కోటగోడకును సైన్యమునకును నడుమ, కందకములో, చలికాలపు వానలో వారు ఆకలిచే చనిపోవుచుండిరి. క్రిస్మసు దినమున రాజు వారికి ఆహారము పంపెను. పండుగ గడచిన పిమ్మట మరల ఆకలియే. వారిని అక్కడ పెట్టినది తాను కాదని అతని సమాధానము.

1420 నాటి ఒడంబడిక అతనిని ఫ్రాన్సు రాజ్యమునకు వారసునిగా చేసెను. 1422లో, ఆ కిరీటము తలకెక్కకమునుపే, అతడు రోగముచే మరణించెను. కుమారుడు తొమ్మిది నెలల పసివాడు. 1453 నాటికి కలే రేవుపట్టణము తప్ప ఫ్రాన్సులో గెలిచినదంతయు చేజారెను. 1558లో అదియు పోయెను. అయినను ఇంగ్లండు రాజులు ఫ్రాన్సు రాజను బిరుదును 1801 వరకు విడువలేదు.

భూమి పోయినందున హెన్రీ దోషి యని నేననుట లేదు. భూమి నిలిచియున్నను ఆ కందకము కందకమే. నాబోతు ద్రాక్షతోట అహాబునకు పెద్దల తీర్పు మూలముగానే వచ్చెను (1 రాజులు 21). దేవుడు ఏలీయాను పంపి ఆ తీర్పును గూర్చి అడుగలేదు; నాబోతు రక్తమును గూర్చి అడిగెను.

గట్టు తగాదాలో డిక్రీ మనకే వచ్చియుండవచ్చును. కృతజ్ఞతార్పణ చెల్లింపకమునుపు, ఓడినవాని యింట పొయ్యి వెలిగినదో లేదో చూచితిమా? పండుగనాడు ఒక పూట అన్నము పంపి, మిగిలిన దినములు వాని త్రోవ మూసియుంచితిమా?

ప్రభువా, మా గెలుపులలో మా చేత నలిగినవారిని మాకు చూపుము. ఆమేన్.