కాటా దగ్గరి కళ్ళు

చల్లపల్లి పక్కన, కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములు.

అన్నకి ధాన్యం కాటా దగ్గర పెద్ద పేరు. మిల్లు మనిషి తేమ 19 అన్నాడంటే, ఆయన బస్తా మధ్యలోంచి ఇంకో గుప్పెడు గింజలు తీసి మళ్ళీ మిషన్లో పోయించేవాడు. సర్కారు కొనుగోలుకి తేమ 17 శాతం దాకా ఒప్పుకోవాలని ఆయనకి తెలుసు. గోనె సంచి బరువు ఎంత తీయాలో, తరుగు పేరుతో ఎంత లాగుతారో కూడా తెలుసు. కాటా వేసేనాడు ఊళ్ళో వాళ్ళంతా ఆయన్ని పక్కన నిలబెట్టుకునేవారు.

తమ్ముడికి అంత పేరు లేదు. చదవనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టడు, అదో చాదస్తం అనుకునేవారు.

ఇద్దరూ ఒకే రోజు, ఒకే ఏజెంటు దగ్గర, చెరో 5 లక్షల ఆరోగ్య బీమా తీసుకున్నారు. అన్న ఆ పాలసీని ప్లాస్టిక్ కవరుతో సహా బీరువాలో పెట్టాడు. తమ్ముడు తనది చదివి, కవరు వెనకాల నీలం పెన్నుతో రాసుకున్నాడు: ‘గది అద్దె రోజుకి బీమా మొత్తంలో 1 శాతం, అంటే 5,000. పిత్తాశయంలో రాళ్ళు, హెర్నియా, కంటి శుక్లాలకి 2 ఏళ్ళు ఆగాలి. ముందునుంచీ ఉన్న జబ్బులకి 3 ఏళ్ళు.’

నాలుగో ఏడు అన్నకి కడుపులో నొప్పి మొదలైంది. పిత్తాశయంలో రాళ్ళన్నారు. విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కౌంటర్లో అమ్మాయి అడిగిన మొదటి మాట: “ఇన్సూరెన్సా అండీ, క్యాషా?”

“ఇన్సూరెన్సే.”

“రూమ్ ఏది ఇమ్మంటారు?”

అన్న వెనక్కి తిరిగి చూశాడు. భార్య, కోడలు, ఊరినుంచి వచ్చిన ఇద్దరు బంధువులు ఉన్నారు. “నలుగురూ వచ్చిపోతుంటారు, పెద్దది ఇవ్వమ్మా. కంపెనీయేగా కట్టేది” అన్నాడు. రోజుకి 8,000 గది ఇచ్చారు. తమ్ముడు అప్పటికింకా దారిలోనే ఉన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజు డిశ్చార్జి. బిల్లు 1,40,000 అయింది. కంపెనీ ఒప్పుకున్నది 95,000. మీ పాలసీలో గది హద్దు రోజుకి 5,000 అని, మిగతా 45,000 మీరే కట్టాలని అన్నారు.

అన్న ముఖం ఎర్రబడింది. “గదికి రోజుకి 3,000 ఎక్కువైతే 3 రోజులకి 9,000 అవుతుంది. 45,000 ఎక్కడినుంచి వచ్చింది?” అని కాసేపు అరిచాడు. ఆ తర్వాత నీరసం వచ్చి, “ప్రాణం దక్కింది. ఇక్కడ కూర్చుని పైసలు లెక్కపెడితే ఏం బాగుంటుంది?” అని పెన్ను తీసుకున్నాడు.

అప్పుడే కౌంటర్ దగ్గరికి వచ్చిన తమ్ముడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. “అన్నయ్యా, తరుగు కాగితం చూడకుండా నువ్వెప్పుడైనా మిల్లుకి బస్తా ఎత్తావా? ఇదీ అలాంటి కాగితమే. పద్దులన్నీ విడివిడిగా ఉన్న బిల్లు అడుగుదాం.”

అడిగితే ఇచ్చారు. ఏడు పేజీలుంది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు.

“గది 24,000. అందులో కంపెనీ 15,000 ఇచ్చింది, 9,000 పోయింది. నువ్వు లెక్కేసింది ఇంతవరకే. ఇప్పుడు ఇది చూడు. సర్జను ఫీజు, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు అన్నీ కలిపి 80,000. మనకున్న హద్దు 5,000, తీసుకున్న గది 8,000. ఎనిమిదిలో ఐదు వంతులే కట్టారు. అంటే 50,000. ఇక్కడ 30,000 పోయింది.”

“గది పెద్దదైతే సర్జను ఫీజు ఎందుకు కోస్తారు?”

“పాలసీలో అలా రాసి ఉంది. గది స్థాయిని బట్టి డాక్టర్ల ఫీజులూ పెరుగుతాయి, అందుకని ఆ వంతులోనే కడతారు. మందులకీ పరీక్షలకీ ఈ కోత వర్తించదు. చూడు, ఆ 30,000 పూర్తిగా ఇచ్చారు.”

“మరి మిగతా 6,000?”

తమ్ముడు చివరి పేజీ తిప్పాడు. కూడా ఉన్నవాళ్ళ భోజనాలు, మంచినీళ్ళ సీసాలు, డైపర్లు ఉన్నాయి. ఇవి కంపెనీ కట్టదు. వాటి కింద దూది, గాజుగుడ్డ, సర్జికల్ బ్లేడు, ఫైలు చార్జీ అని విడిగా 2,100 వేశారు. అక్కడ వేలు పెట్టి తమ్ముడు కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు.

“అమ్మా, బీమా నియంత్రణ సంస్థ జాబితా ప్రకారం ఇవి ఆపరేషన్ చార్జీలోనూ గది చార్జీలోనూ కలిసిపోవాలి కదా, విడిగా ఎందుకు వేశారు? ఇంకోటి, నిన్న వాడని ఇంజక్షన్లు ఫార్మసీకి తిరిగిచ్చాం. ఆ తగ్గింపు కనపడట్లేదు.”

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి వచ్చింది. 2,100 తీసేశారు. ఇంజక్షన్ల డబ్బూ తగ్గించారు. “ఇంజక్షన్ల డబ్బు కంపెనీకి మిగిలింది, మనకేంటి?” అన్నాడు అన్న. “మన 5 లక్షల్లోంచేగా పోయేది. ఈ ఏడాదిలో మళ్ళీ అవసరం పడితే?” అన్నాడు తమ్ముడు.

మిగిలిన 42,900 అన్న కట్టాడు. గదిని ఎంచుకున్నది ఆయనే, ఇంక దాన్ని మార్చలేరు. ఇంటికెళ్ళగానే బీరువాలోంచి పాలసీ తీసి, ప్లాస్టిక్ కవరు చించాడు.

ఆ సంక్రాంతి వెళ్ళాక, వాళ్ళ పొలంలో పనిచేసే ఆయనకి గుండెనొప్పి వచ్చింది. స్టెంటు వేయాలన్నారు. సర్కారు ఉచిత వైద్య పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేసే ఆసుపత్రికే తీసుకెళ్ళారు. అయినా ఒక ఉద్యోగి ఆయన భార్యని పక్కకి పిలిచి, మంచి కంపెనీ స్టెంటు కావాలంటే 20,000 విడిగా కట్టాలన్నాడు. ఆమె మెడలో నాంతాడు తడుముకుంది.

ఈసారి ముందుకొచ్చింది అన్న. “ఉండమ్మా. ఇక్కడ ఆరోగ్యమిత్ర డెస్కు ఎక్కడుంది? ఈ చికిత్స పథకం జాబితాలో ఉందా, లేదా? ఉంటే ఈ 20,000కి రసీదు రాసిమ్మనండి. 104కి ఫోన్ చేసి అడుగుతాను” అన్నాడు. గొంతు పెంచలేదు. కాటా దగ్గర మాట్లాడినంత నిదానంగా మాట్లాడాడు. పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర వచ్చింది. ఆ 20,000 మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. స్టెంటు పడింది. ఆమె నాంతాడు ఆమె మెడలోనే ఉంది.

నీతి: పండించిన గింజ దగ్గర చూపించే జాగ్రత్త, ప్రాణం కోసం పెట్టే రూపాయి దగ్గర కూడా చూపించాలి. దాన్ని డిశ్చార్జి నాటికి కాక, చేరే నాటికే చూపించాలి.

‘ప్రాణం ముందు డబ్బు లెక్కేంటి’ అనే మాట మంచి మనసులోంచే వస్తుంది. కానీ ఆ మాటే మన నోరు నొక్కేస్తుంది. బిల్లు అడిగితే డాక్టరుని అవమానించినట్టు కాదు. వైద్యం చేసేది డాక్టరు, బిల్లు వేసేది ఇంకొకరు, కోత కోసేది మరొకరు. ముగ్గురినీ ఒకటిగా చూసి దణ్ణం పెట్టేవాడే నష్టపోతాడు.

పాలసీ చేతికి రాగానే గది అద్దె హద్దు, ఆగాల్సిన కాలం, మన వంతు కట్టాల్సిన శాతం ఉన్నాయేమో చూడండి. నచ్చకపోతే వెనక్కి ఇవ్వడానికి 30 రోజుల గడువుంది. ఉన్న జబ్బు దాచకండి. దాచిన జబ్బు క్లెయిము వేసిననాడు బయటపడుతుంది. చేరేముందు, ‘ఈ గదికి నా పాలసీ పూర్తిగా కడుతుందా?’ అని ఇన్సూరెన్స్ డెస్కులో అడగండి. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశం ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలో కంపెనీ జవాబు చెప్పాలి, డిశ్చార్జికి 3 గంటల్లో అనుమతి ఇవ్వాలి. అంతకు మించి ఆపితే, ఆ ఆలస్యానికి ఆసుపత్రి వేసే అదనపు చార్జీ కంపెనీయే భరించాలి.

క్లెయిము కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాయండి. 50 లక్షల దాకా వివాదాలు అక్కడ వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు వైద్యసేవగా నడుస్తున్న పథకం ఉంది. అది దయతో ఇచ్చే దానం కాదు, హక్కు. జాబితాలో ఉన్న చికిత్సకి ఎవరైనా డబ్బు అడిగితే ఆరోగ్యమిత్రని పిలవండి, 104కి చెప్పండి. చదవడం రాని పొరుగువాళ్ళుంటే వాళ్ళ పక్కన మీరు నిలబడండి. కాటా దగ్గర నలుగురి బస్తాలూ చూసిపెట్టే ఊళ్ళో, నలుగురి బిల్లులూ చూసిపెట్టే మనిషి ఒక్కరైనా ఉండాలి.