రాత్రికి పేరు పెట్టినది ఎవరు?



చీకటి యను మాటను మనము పాపమునకు గుర్తుగా ఎంత తరచుగా వాడుచున్నామనగా, రాత్రి యనునది సాతాను చేసిన వస్తువని మన పిల్లలు తలంచినను ఆశ్చర్యము లేదు. ఆదికాండము మొదటి అధ్యాయము జాగ్రత్తగా చదివినయెడల, రాత్రికి పేరు పెట్టినది దేవుడేయని తెలియును. 104వ కీర్తన వ్రాసిన భక్తుడు చీకటి పడగా అడవి జంతువులు తిరుగుటను, సూర్యుడు రాగానే అవి మరలిపోయి మనుష్యుడు పనికి బయలుదేరుటను తలంచి సంతోషించుచున్నాడు. అక్కడ చీకటి శిక్ష కాదు, దేవుడు చేసిన ఏర్పాటు.

మన జ్యోతినగర్ పేరులోనే వెలుగున్నది. 1983లో రామగుండము ఎన్.టి.పి.సి. మొదటి యూనిట్టు నడచినది మొదలుకొని ఇక్కడి కరెంటు దక్షిణ రాష్ట్రములకు పోవుచున్నది. ఒక ప్రక్క ఆ కర్మాగారము. మరియొక ప్రక్క గోదావరిఖని ఓపెన్‌కాస్టు గనుల మీద ఎత్తయిన స్తంభముల దీపములు. మధ్యరాత్రి తల యెత్తి చూడుడి. ఆకాశము నల్లగా నుండదు, బూడిద కలిసిన పాలవలె నుండును. పైకి పోయిన వెలుతురు దుమ్మును తేమను తగిలి చెదరి, తిరిగి మన మీదికే వచ్చును. తెల్లని ఎల్.ఇ.డి. దీపములలో నీలి కాంతి ఎక్కువ గనుక అది మరింతగా చెదరును.

దీనివలన పోయినదేమి? యోబు గ్రంథమును తెలుగు చేసినవారు 9వ, 38వ అధ్యాయములలోని నక్షత్రములకు కృత్తిక, మృగశీర్ష అను పేర్లు వాడిరి. ఇవి మన రైతుల నోట కార్తెల పేర్లుగా నున్నవే. దుక్కి దున్నువాడు బైబిలు విప్పగానే తన ఆకాశమే అందులో కనబడవలెనని వారు అట్లు చేసిరేమో! అయితే మన సండే స్కూలు పిల్లలలో కృత్తికను కంటితో చూచినవారెందరు? క్రిస్మస్ దినములలో రాత్రి తొమ్మిది గంటల వేళ అది దాదాపు నడినెత్తిన నుండును. చీకటి చోట మంచి కన్నుకు ఆరేడు చుక్కలు గుంపుగా కనబడును. మన వీధిలో ఒక మసక మచ్చ కనబడిన గొప్ప. ఆ వేళ మనము కాగితపు నక్షత్రములో బల్బు వెలిగించి దాని క్రింద నిలుచుందుము. తూర్పుదేశపు జ్ఞానులు మన వీధిలో కాపురముండినయెడల వారు బయలుదేరియే యుండరు.

"అయ్యగారూ, మా వాడకు దీపము పడినది మొన్ననే గదా, ఇప్పుడు చీకటి మేలనుచున్నారా?" అని ఒక తల్లి అడిగినచో, ఆమె ప్రశ్న న్యాయమైనది. రెండవ షిఫ్టు దిగి నడచి వచ్చు కార్మికునికి, రాత్రివేళ ఒంటరిగా ఇల్లు చేరు స్త్రీకి, పాములు తేళ్లు తిరుగు బాటకు వెలుగు కావలెను. డంపర్లు నడుచు గనిలో దీపములు తగ్గించుమనుట ప్రాణములతో ఆడుటయే. ఆ మాట నేననను. నేనడుగునది, ఆ వెలుగు ఎచ్చట పడుచున్నదని. కంటిలోనికి సూటిగా కొట్టు దీపము బాటను చూపదు. అది కన్నును చెదరగొట్టి, ప్రక్కనున్న నీడను మరింత నల్లగా చేయును. పాము ఆ నీడలోనే పడియుండవచ్చును.

నిర్గమకాండము 25వ అధ్యాయములో దేవుడు మోషేకు దీపవృక్షపు పని వివరించుచు, దాని ఏడు దీపముల వెలుగు ముందరి వైపున పడవలెనని కూడ చెప్పెను. వెలుగు పడు దిక్కు ఆయనకు అల్పమైన సంగతిగా తోచలేదు. "దీపమును కుంచము క్రింద దాచరాదు గదా" అని కొందరందురు. మత్తయి సువార్తలోని ఆ దీపము ఇంటిలోని వారి కొరకైనది, ఇంటి కప్పు మీది మబ్బుల కొరకైనది కాదు. కుంచము వెలుగును మ్రింగును. రేకు డూము పైకి పోవు వెలుగును క్రిందికి త్రిప్పి బాట మీద వేయును.

ఇంకొక లెక్క చూడుడి. ఒక యూనిట్టు కరెంటునకు సుమారు 700 గ్రాముల బొగ్గు మండును. 200 వాట్ల దీపము 12 గంటలు వెలిగిన 2.4 యూనిట్లు, అనగా ఒకటిన్నర కిలోకు పైగా బొగ్గు. అందులో ఆకాశమునకు పోవు పాలు ఎవరికిని పనికిరాదు. భూమి లోపల మన సహోదరుడు చెమటోడ్చి తీసిన దానిని మనము మబ్బుల మీద పారబోయుచున్నాము. ప్రక్కకు పోవు పాలు, తెల్లవారుజామున లేచి మొదటి షిఫ్టునకు పోవలసినవాని కిటికీలో పడి అతని నిద్ర చెరుపును. పొరుగువాని పొలములోనికి మన పశువును తోలరాదని ధర్మశాస్త్రము చెప్పుచుండగా, అతని పడక మీదికి మన దీపమును తోలవచ్చునా?

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. హైదరాబాదులోని నిజామియా వేధశాల చుట్టు నగరము పెరిగినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1968లో 48 అంగుళముల దూరదర్శినిని దూరముగా జాపాల్-రంగాపూర్‌లో నిలిపిరి. కాలక్రమమున నగరపు వెలుగు అక్కడికిని వెంబడించెను. అయితే 2024 జనవరిలో, మహారాష్ట్రలోని పెంచ్ పులుల అడవికి చీకటి ఆకాశము కాపాడిన స్థలమను గుర్తింపు వచ్చినది. అందుకొరకు అచ్చటి గ్రామముల వీధిదీపములను నేలవైపు మాత్రమే వెలుగునట్లు మార్చిరి. ఆ గ్రామస్థులు చీకటిలో కూర్చుండలేదు.

మన మందిరపు ఆవరణలో పెద్ద ఫ్లడ్ లైటు కావలెనని కమిటీ ముందు మనవి యున్నది. దీపము వేయుటకు నేను అడ్డము కాను. క్రిందనుండి గోపురము మీదికి వెలుగు కొట్టుట మాత్రము వద్దు. పొట్టి స్తంభము, రేకు డూము, నేలకు పూర్తిగా వంచిన ముఖము, 3000 కెల్విన్లకు మించని పసుపు ఛాయ గల బల్బు చాలును. కూటము ముగిసి అందరు ఇండ్లు చేరిన పిమ్మట ఆర్పుటకు టైమరు పెట్టవచ్చును. గేటు యొద్ద చిన్న దీపమొకటి తెల్లవారువరకు ఉండనిండు. రాత్రివేళ రోగితో ఆసుపత్రికి పరుగెత్తువారికి అది అవసరము. అట్టి డూమును ఖనిలో ఏ వెల్డింగు షాపువారైనను చేసి యిత్తురు. వచ్చు కమిటీ కూటమునాటికి దాని ఖర్చు కనుగొని రమ్మని యౌవనస్థులకు చెప్పియున్నాను.