మీటలోని బరువు

తన చేతికి సరిపడు పిడి వేయించుకొనక కొడవలి పట్టు రైతు అరుదు. కమ్మరి కొట్టిన గొడ్డలి ఒక్కటే గాని, పొడవైనవాడు ఒక కామ, పొట్టివాడు మరియొక కామ వేయించుకొనును. పనిముట్టును చేతికి అమర్చుకొనుట పాపము కాదు, అది పనివాని తెలివి. అయితే ఈ తెలివి ఏ వస్తువు విషయములోనైనను తగునా? ఎంతవరకు తగును? ఈ నెల ఈ ప్రశ్నను మన పొలములలో కనబడని ఒక వస్తువును బట్టి ఆలోచింపగోరుచున్నాము. అది పిస్తోలు.

మన పల్లెలలో పిస్తోలుతో పనియేమని మీరడుగవచ్చును. మన దేశములో 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనరాదు. గాని మన బిడ్డలనేకులు నేడు అమెరికాలో కాపురముండుచున్నారు. చదువునకో తాత్కాలిక ఉద్యోగమునకో వీసాపై వెళ్లినవారు తుపాకి ఉంచుకొనుట, వేట లైసెన్సువంటి కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి చట్టము ఒప్పదు. గ్రీన్ కార్డు పొందినవారికిని, పౌరులైనవారికిని అది సాధ్యము. కనుక ఇది మన యింటి బిడ్డలకును ఎదురగు ప్రశ్నయే.

ఆ దేశములో అనేకులు పిస్తోలు కొని ఊరకుండరు. దానిలోని భాగములను ఒక్కొక్కటిగా తీసివేసి, ఇతర కంపెనీలు చేసిన మేలైన భాగములను అమర్చుకొందురు. యూటా రాష్ట్రములోని ఆగ్డెన్ ఊరివాడైన జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పిస్తోలును అమెరికా సైన్యము 1911లో స్వీకరించి, 1985 వరకు ప్రధాన పిస్తోలుగా వాడెను. దానిని కొన్నవారు తుపాకులు బాగుచేయు పనివానియొద్దకు పోయి, గురి చూచు ముక్కను, మీటను సరిచేయించుకొనెడివారు. 1982లో ఆస్ట్రియా సైన్యము గాస్టన్ గ్లాక్ చేసిన పిస్తోలును తీసికొనెను. దాని భాగములు సులువుగా ఊడి వచ్చును. అందుచేత పూర్వము పనివాడు చేసిన మార్పులనేకము ఇప్పుడు యజమానుడే ఇంట కూర్చుండి చేసికొనుచున్నాడు. గొట్టము, పిడి, స్ప్రింగులు, మీట, అన్నియు విడిగా దొరకును.

దూరమునుండి చూచి తీర్పు తీర్చుట న్యాయము కాదు. వీరిలో అనేకులు కాగితపు గురులను కాల్చు పందెగాండ్రు. అట్టి పందెములకు అంతర్జాతీయ సమాఖ్యయొకటి 1976లో మిస్సోరీ రాష్ట్రములోని కొలంబియాలో ఏర్పడినది. చూపు మందగించినవానికి స్పష్టముగా కనబడు గురి ముక్క మేలు. చేయి చిన్నదైన స్త్రీకి సన్నని పిడి మేలు. ఇట్టి మార్పులవలన చేయి మనస్సు చెప్పినట్లు వినును, గురి తప్పి పొరుగువానికి తగులు భయము తగ్గును. కొడవలి పిడికిని దీనికిని ఇంతవరకు భేదము లేదు.

భేదమంతయు ట్రిగ్గర్ అను మీటయొద్ద మొదలగుచున్నది. గ్లాక్ పిస్తోలు మీటను లాగుటకు సుమారు 5.5 పౌండ్ల బలము, అనగా రెండున్నర కిలోల బలము కావలెను. మార్పులు చేయువారనేకులు మొదట తగ్గింపగోరునది ఈ బరువునే. చేసినవాడు ఆ బరువును ఊరకనే పెట్టలేదు. వ్రేలికిని మరణమునకును మధ్య అది చిన్న గట్టువంటిది. వ్రేలు తొట్రిల్లినను, చేయి ఉలికిపడినను, ఆ గట్టు కొంత ఆపును.

అయితే బరువెంత ఎక్కువైన అంత క్షేమమా? అదియు కాదు. 2012 ఆగస్టు 24న న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనము ఎదుట, ఒకనిని చంపి పోవుచున్న హంతకునిపై పోలీసులు కాల్పులు జరిపిరి. హంతకుడు చచ్చెను. గాని పోలీసుల తూటాలవలనను వాటి తునకలవలనను దారిని పోవువారు తొమ్మండుగురు గాయపడిరి. ప్రమాదవశమున పేలకుండుటకై ఆ నగర పోలీసుల పిస్తోళ్ల మీటకు దాదాపు 12 పౌండ్ల బరువు పెట్టియుండిరి. అంత గట్టి మీటను లాగునప్పుడు చేయి కదలి గురి తప్పునని కొందరు విమర్శించిరి. అభ్యాసము గల చేతిలో తేలిక మీటయే పొరుగువానిని కాపాడవచ్చును. కనుక ధర్మము ఇనుములో లేదు, దానిని పట్టుకొన్నవానిలో నున్నది.

ఇక రెండవ కొనను చూడుడి. పిస్తోలు వెనుక తగిలించు నాణెమంత ముక్క యొకటి కలదు. దానిని తగిలించినయెడల, ఒక్కసారి లాగిన మీట వదలువరకు తూటాలు వరుసగా పోవుచునే యుండును. ఆ ముక్కనే అమెరికా చట్టము మిషన్‌గన్‌గా ఎంచి శిక్షించును. 2022 ఏప్రిల్ 3న సాక్రమెంటో నగరములో జరిగిన కాల్పులలో ఆరుగురు చనిపోయిరి, పన్నెండుగురు గాయపడిరి. అక్కడ దొరికిన పిస్తోళ్లలో ఒకటి ఇట్లు మార్చబడినదే. రెండవ తూటాకు ముందు మనస్సు మార్చుకొను అవకాశమును ఈ మార్పు మనుష్యునినుండి తీసివేయుచున్నది.

కాబట్టి ఏ మార్పునైనను ఈ ప్రశ్నతో కొలువవచ్చును. ఇది నా చేతిని నా స్వాధీనములో నుంచునా, లేక నన్ను ఆపు గట్టును తెంచునా? ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ యున్నది. ఎవడైనను పడి చచ్చినయెడల ఆ రక్తదోషము ఇంటివానిమీదనే యుండును. అతడు ఎవరిని త్రోయలేదు, ఎవరికిని కీడు తలంపలేదు. అయినను గోడ లేని మిద్దెకు అతడే ఉత్తరవాది. 19వ అధ్యాయములోనో, అడవిలో చెట్టు నరుకుచుండగా గొడ్డలి కామనుండి ఊడి పొరుగువానికి తగిలి అతడు చచ్చినయెడల, నరికినవానికి ఆశ్రయపురము కలదు. కాచుకొన వీలుకాని ప్రమాదము వేరు, కట్టదగిన పిట్టగోడను కట్టకుండుట వేరు.

కోపించుటకు తొందరపడవద్దని యాకోబు భక్తుడు బోధించెను. మన ప్రభువు నరహత్యకు వేరు కోపములోనే చూపెను. ఒకడు తన మీటలో ఒక పౌండు బరువు తగ్గించుటకు నెలల తరబడి పాటుపడవచ్చును. తన కోపమునకు ఒక పౌండు బరువు చేర్చుటకు అతడు ఒక్క దినమైనను పాటుపడెనా? మీట తేలికయైన కొలది హృదయము నిదానము నేర్చుకొనవలెను. అట్లు నేర్చుకొననివానికి తేలిక మీట తగదు.

మరియొక సంగతి కలదు. అమెరికాలో తుపాకులవలన కలుగు మరణములలో సగముకంటె ఎక్కువ ఆత్మహత్యలే. తుపాకి పగవానికంటె దాని యజమానునికే, అతని యింటివారికే ఎక్కువ సమీపముగా నున్నది. అట్టి చీకటి గడియ అనేకులకు వచ్చి దాటిపోవును. అది దాటువరకు ఏదో ఒకటి చేతిని ఆపవలెను. అందుచేత పిస్తోలు గలవాడు దాని కొరకు కొనదగిన వస్తువులలో మొదటిది మంచి తాళముగల పెట్టెయని మా అభిప్రాయము. అది ఏ పందెములోను బహుమానము తేదు. బిడ్డను మాత్రము బ్రదికించును.

పల్లెలోనున్న మనము దీనిని విని, మనకు పిస్తోలు లేదుగదా యని నిశ్చింతగా ఉండరాదు. మన యిండ్లలో పురుగుల మందు డబ్బా ఎక్కడ నున్నది? చూరులోనా, మంచము క్రిందనా? అప్పులవాడు తిట్టిన సాయంకాలము, మార్కులు తగ్గిన రాత్రి, భార్యాభర్తలు మాటామాటా అనుకొన్న గడియ, ఆ డబ్బా చేతికి ఎంత దూరములో నున్నది? దానికి తాళము వేసి, తాళపుచెవి మరియొకరియొద్ద నుంచుడి. అదియు పిట్టగోడయే. వేదనలో నున్నవానిని ఒంటరిగా విడువకుడి. అతని ప్రక్కను కూర్చుండుడి, వైద్యునియొద్దకు తోడుకొని పోవుడి.

అన్నియు వేగముగాను సుళువుగాను కావలెనని లోకము కోరుచున్నది. గాని కొన్ని పనులు కష్టముగా నుండుటయే దేవుని కనికరము. పొరుగువానికి కీడు చేయు పని, మనకు మనమే కీడు చేసికొను పని అట్టివి. వాటి దారిలో నున్న చిన్న అడ్డులను అరగదీయక, మన చేతులతోనే మరికొన్ని కట్టుదము. ప్రభువు మన చేతులను మన హృదయములను కాపాడును గాక.