పాచి ఎవరు పెంచారు?

బీచి రోడ్డులో మత్స్యదర్శిని చూసొచ్చి మనవడు మారాం చేస్తే, ఉక్కునగరంలోని మా క్వార్టర్సుకి చిన్న చేపలతొట్టి వచ్చింది. నాలుగు చేపలు, నాలుగు నీటిమొక్కలు. ఎన్నిసార్లు గీకినా అద్దాలకి ఒకటే పాచి! "మందు పోసి చంపేద్దాం" అన్నాను.

"చచ్చిన పాచి కుళ్లితే చేపలకి ఊపిరాడదు అత్తయ్యా. అయినా దాన్ని పెంచింది మీరేగా! గుప్పెడేసి మేత, పదకొండింటిదాకా దీపం..." నవ్వింది కోడలు.

మనసు చివుక్కుమంది. ప్రేమకొద్దీ వేసిన మేత తప్పెలా అవుతుంది? కానీ తినగా మిగిలిందే కుళ్లి పాచికి ఎరువైంది మరి. మేత చిటికెడు చేశాను. దీపం ఆరు గంటలే. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చాను. నెల తిరిగేసరికి అద్దం తేటపడింది.

ప్రేమకి కొలత లేదనుకునేదాన్ని. పుచ్చుకునేవాళ్ల ఆకలే దాని కొలత కాబోలు! ఆ రాత్రి "చాలు నానమ్మా" అని మనవడు చెయ్యడ్డం పెడితే, నా గరిటె మొదటిసారి ఆగింది.