అంతరాయము

అంతరాయమను మాటను మనము చాల తేలికగా వాడుచున్నాము. కరెంటు పోయిన అంతరాయము, సభలో పిల్లవాడు ఏడ్చిన అంతరాయము. నడుమ వచ్చి పడునదని దాని అర్థము. కాని మన ఇండ్లలో ఈ మాటకు బరువెక్కువ. ఆహారములో వెండ్రుక కనబడి ముని మహారాజుగారు దోసిలి విడిచినప్పుడు, వడ్డించిన ఇల్లాలు కంట నీరు పెట్టుకొనుట చూచినవారికి అది తెలియును.

ఎనిమిది కర్మములలో చివరిది అంతరాయ కర్మము. దానము, లాభము, భోగము, ఉపభోగము, వీర్యము అను ఐదింటికి అడ్డుపడునది. పెద్దలు దీనిని రాజుగారి భాండాగారితో పోల్చినారు. రాజు ఇమ్మనినను తాళపుచెవి చేతనున్నవాడు ఈయడు. గుమాస్తాలతో వేగిన మనకు ఇంతకంటె మంచి పోలిక దొరకదు. ఇతరులకు విఘ్నము చేయుటయే ఈ కర్మము అంటుకొనుటకు కారణమని తత్త్వార్థసూత్రము ఆరవ అధ్యాయము చివర చెప్పుచున్నది.

ఎడ్లు కళ్ళములో ధాన్యము తినుచున్నవని రైతులు మొరపెట్టుకొనగా, మూతికి చిక్కము కట్టుడని పూర్వము వృషభదేవుడే చెప్పినాడట. ఉపాయము చెప్పినాడే గాని ఎద్దును కొట్టలేదు. దాని ఫలముగా దీక్ష పిమ్మట ఏడాదికి పైగా ఆహారము దొరకక తిరిగినాడని పెద్దలు చెప్పుదురు. జనులు ఏనుగులను, రత్నములను తెచ్చిరి గాని అన్నము పెట్టవలెనని ఎవరికిని తోచలేదు. హస్తినాపురములో శ్రేయాంస కుమారుడు చెరకు రసము పోసిన దినమే అక్షయ తృతీయ. ఆనాడు మన బజారులలో బంగారము కొనువారే గాని చిక్కము సంగతి తలచువారు తక్కువ.

నేనును తలచినవాడను కాను. చాల ఏండ్ల క్రిందట ఒక కుర్రవాడు నా దుకాణమునకు ఎదుటనే బట్టల కొట్టు పెట్టినాడు. ఒక టోకు వర్తకుడు నాయొద్దకు వచ్చి, "అన్నగారూ, ఇతనికి అరువు ఈయవచ్చునా?" అని అడిగినాడు. ఆ కుర్రవాడు ఎవరికైన బాకీ ఎగవేసినట్లు నేను విననైన లేదు. "చూచి ఈయండి" అన్నాను. అంతే. పండుగ సరుకు అతనికి రాలేదు. ఏడాది తిరుగక మునుపే కొట్టు మూతపడినది.

రాత్రి ప్రతిక్రమణములో అహింస, సత్యము, అచౌర్యము వరుసగా తలచుకొన్నను నాకు తప్పు దొరకలేదు. అబద్ధమాడలేదు గదా! మరి ఎగవేతదారుని గూర్చి హెచ్చరించకూడదా అని ఎవరైన అడుగవచ్చును. తప్పక హెచ్చరించవలెను, సాటి వర్తకుడు మునుగుచుండ నోరు మూసికొనుట ధర్మము కాదు. అయితే అతనిని గూర్చి నాకు తెలిసినదేమి? ఏమియు లేదు. ఆ మాట నా గల్లాపెట్టె పలికించినది.

ఇప్పుడు ఎవరైన ఫోనులో అడిగిన, నాకు బాకీపడినది ఇన్ని దినములకు చెల్లించినాడు, అంతకు మించి తెలియదు అని చెప్పుదును. మా అబ్బాయికి ఈ జవాబు నచ్చదు. పోటీవానికి మనమేల మాట సాయము చేయవలెనని వాడి వాదన.

ఆ కుర్రవాడు వేరొక ఊరిలో స్థిరపడినాడు. మొన్న కుమార్తె పెండ్లికి నాకును శుభలేఖ పంపినాడు. పోవుటకు నాకు ముఖము చెల్లలేదు.